‘మీ నాన్నకి పంపిస్తా’: పిల్లల ఫోన్‌లోకి వచ్చే బెదిరింపు ఎలా పనిచేస్తుంది

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున్న పదిమంది పిల్లలకి తెలుగు చదవడం, రాయడం నేర్పిస్తుంటాను. బెంగళూరులో, ముఖ్యంగా మారతహళ్లి చుట్టుపక్కల, వీధికి పది తెలుగు ఇళ్లు ఉన్నా పిల్లలు బడిలో చదివేది ఇంగ్లీషు, కన్నడ, హిందీ. తెలుగు ఇంట్లో మాట వరకే. కిందటేడు ఒక ఆదివారం క్లాసు అయిపోయాక పదమూడేళ్ల అబ్బాయి ఒకడు ఇంటికి వెళ్లకుండా కుర్చీలు సర్దుతూ ఉండిపోయాడు. కాసేపటికి దగ్గరికొచ్చి, "ఆంటీ, మీ ఫోన్‌లోంచి ఒకరికి ఐదు వేలు పంపుతారా? నేను మెల్లగా ఇచ్చేస్తాను" అన్నాడు. ఎవరికిరా అంటే మాట్లాడలేదు. ఇంకోసారి అడిగితే కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "మా నాన్నకి చెప్పొద్దు ఆంటీ" అన్నాడు.

జరిగింది ఇది. గేమ్‌లో పరిచయమైన ఒక ఐడీ, అమ్మాయినని చెప్పుకుంటూ ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చింది. మూడు వారాలు కబుర్లు నడిచాయి. ఒకరోజు ఫోటోలు మార్చుకుందాం అంది. వీడు పంపకూడని ఫోటో ఒకటి పంపాడు. రెండు నిమిషాల్లో అటువైపు గొంతు మారిపోయింది. ఐదు వేలు పంపు, లేదంటే ఇది మీ నాన్నకి పంపిస్తా. దాని కింద వాళ్ల నాన్న ప్రొఫైల్ స్క్రీన్‌షాట్.

ఆ కుటుంబం ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇది రాస్తున్నాను. బెదిరించేవాడి ఆయుధం ఫోటో అని మనం అనుకుంటాం. ఆ మెసేజ్ చదివాక నాకు అర్థమైంది వేరు. ఆ ఫోటోకి బలం వచ్చింది నాన్నంటే వాడికున్న భయంలోంచి. ఇంట్లో ఆ భయం ఎంత ఎక్కువుంటే అటువైపు వాడి పని అంత సులువు. యాప్‌లు, సెట్టింగులు, టైమర్లు అన్నీ అవసరమే, వాటి గురించీ చెప్తాను. కానీ అవి ఎక్కడ పనిచేస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో తెలియాలంటే ముందు ఈ వల ఎలా అల్లుతారో చూడాలి.

మచ్చిక చేసుకోవడం

పోలీసులు, కౌన్సెలర్లు దీన్ని గ్రూమింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మచ్చిక చేసుకోవడం. మొదటి పలకరింపు చాలాసార్లు అందరూ ఉన్న చోటే జరుగుతుంది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లోనో బీజీఎంఐలోనో ఒకే స్క్వాడ్‌లో ఆడినవాళ్లు, రోబ్లాక్స్‌లో కలిసినవాళ్లు, రీల్ కింద మంచి కామెంట్ పెట్టినవాళ్లు. "నువ్వు భలే ఆడతావు" అన్న మాటతో మొదలవుతుంది. ఇంట్లో ఆట గురించి తిట్లు తప్ప వినని పిల్లలకి ఆ పొగడ్త ఎంత తియ్యగా ఉంటుందో ఆలోచించండి. తర్వాత కానుక వస్తుంది: ఒక స్కిన్ (ఆటలోని బొమ్మకి కొత్త వేషం), కొన్ని డైమండ్లు (ఆటలో చెల్లే డబ్బు). పదకొండేళ్ల పిల్లకి అది అప్పు లాంటిది. ఇచ్చినవాళ్లు ఏదైనా అడిగితే కాదనడం మర్యాద కాదేమో అనిపిస్తుంది.

మూడో అడుగు చాలా ముఖ్యం, పెద్దవాళ్లు గమనించగలిగేదీ ఇదే. సంభాషణని చోటు మారుస్తారు. గేమ్‌లోని చాట్ నుంచి వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో, చూసిన వెంటనే మాయమైపోయే మెసేజ్‌లు ఉండే స్నాప్‌చాట్‌కో రమ్మంటారు. గేమ్ కంపెనీ నిఘా నుంచి తప్పుకోవడం ఒక కారణం. అక్కడైతే పిల్లల ఫోన్ నంబరు, ఫ్రెండ్స్ లిస్టు, బంధువుల పేర్లు చేతికొస్తాయి. అదే రెండో కారణం. అందుకే మా క్లాసు పిల్లలకి నేను ఒక్క గుర్తు చెప్తాను: ఆటలో కలిసినవాళ్లు ఆట వదిలి ఇంకో చోటికి రమ్మంటే, ఎవరైనా సరే, ఆ రోజే ఇంట్లో చెప్పాలి.

ఆ తర్వాత చిన్న చిన్న రహస్యాలు. "మీ అమ్మకి ఇవన్నీ అర్థం కావు, చెప్పకు." "నేను నీకు డైమండ్లు ఇచ్చానని ఎవరికీ అనకు." పెద్ద తప్పేమీ జరగకముందే దాచడం అలవాటు చేస్తారు. అసలు అడగాల్సింది అడిగే రోజుకి పిల్లలు అప్పటికే ఇంట్లో పది అబద్ధాలు చెప్పి ఉంటారు. ఇప్పుడు నోరు విప్పితే ఆ పదీ బయటికొస్తాయి. వాళ్ల నోరు కట్టేసేది చాలావరకు అదే.

తెలియనివాళ్లతో మాట్లాడకు అని మనందరం చెప్తాం. మూడు వారాలు రోజూ మాట్లాడినవాళ్లు పిల్లల లెక్కలో తెలియనివాళ్లు కారు. వాళ్ల కుక్క పేరు తెలుసు, వాళ్లకి లెక్కల పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో తెలుసు. ఆ కుక్క, ఆ మార్కులు కట్టుకథలని పిల్లలకి ఎలా తెలుస్తుంది? ఇంకొక సంగతి చెప్పడం బాధగా ఉన్నా చెప్పాలి. అటువైపు ఉండేది ఎప్పుడూ ఎక్కడో ఉన్న మోసగాడే కాదు. క్లాస్‌మేట్ అన్న కావచ్చు, ట్యూషన్ సార్ కావచ్చు, మన బంధువే కావచ్చు.

డబ్బు కోసం చేసేవాళ్లు తొందరగా బయటపడతారు, మా క్లాసు అబ్బాయి విషయంలో లాగా. ఇంకా ఫోటోల కోసం, కలవడం కోసం చేసేవాళ్లు నెలల తరబడి ఓపిక పడతారు. ఆడపిల్లల ఫోన్ మీద కన్నేసి ఉంచే ఇళ్లలో కూడా మగపిల్లల గురించి "వాడికేం భయం" అనుకోవడం చూస్తుంటాను. డబ్బు కోసం జరిగే ఈ బెదిరింపుల్లో ఎక్కువగా చిక్కేది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని అమెరికాలో ఎఫ్‌బీఐ తల్లిదండ్రులకి ఇచ్చిన హెచ్చరికల్లో చెప్పింది.

తెలిసిన మొదటి గంట

పిల్లలు చెప్పగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట మీద తర్వాతి కథంతా ఆధారపడుతుంది. "ఎందుకు పంపావు?" అనే ప్రశ్న ఆ రాత్రికి వద్దు. ఫోన్ లాక్కోవద్దు. అందులో ఉన్నదే సాక్ష్యం. అదీగాక చెప్పినందుకు శిక్ష పడిందని పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. "చెప్పావు, చాలు. ఇక ఇది మా పని" అనండి. మాటలు రాకపోతే పక్కన కూర్చోండి.

డబ్బు పంపకండి. ఒకసారి ఇస్తే ఇవ్వగలరని తెలిసిపోతుంది, గంటలో పదివేలు అడుగుతారు. జవాబులు, బతిమాలడాలు, ఎదురు బెదిరింపులు ఆపేయండి. ప్రొఫైల్ పేజీని యూజర్‌నేమ్ స్పష్టంగా కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. చాట్ మొత్తం, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు, తేదీ, సమయం కూడా దొరకాలి. ఆ తర్వాత ఆ యాప్‌లోనే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. భయంతో చాట్ డిలీట్ చేయడం, పిల్లల అకౌంట్ తీసేయడం మాత్రం చేయొద్దు. ఇంకో జాగ్రత్త: సలహా కోసమైనా ఆ ఫోటోని బావగారికో, తెలిసిన లాయరుకో వాట్సాప్ చేయకండి. పిల్లల అలాంటి ఫోటోని ఒకరి నుంచి ఒకరికి పంపడమే నేరం. అది ఇంకెన్ని ఫోన్లలో మిగిలిపోతుందో మన చేతుల్లో ఉండదు.

ఫిర్యాదుకి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది. మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలకి అందులో విడిగా విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. పిల్లల కోసం 24 గంటలూ పనిచేసే 1098 హెల్ప్‌లైన్ ఉంది, పిల్లలు తామే ఫోన్ చేయొచ్చు. బెంగళూరులో నేరుగా వెళ్లాలంటే సెన్ పోలీస్ స్టేషన్లు ఉన్నాయి. సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాలు చూసేవి అవే.

స్టేషన్ అనగానే మనవాళ్లు వెనకడుగు వేస్తారు. ఊరు కాని ఊరు, కన్నడ సరిగా రాదు, పిల్లవాణ్ణి అక్కడ కూర్చోబెట్టి నలుగురిలో అడుగుతారేమో, పేరు బయటికొస్తుందేమో. ఆ భయానికి చట్టంలోనే జవాబుంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు అందరికీ వర్తిస్తుంది, ఆడా మగా తేడా లేదు. పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి. తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. వీలైనంతవరకు మహిళా ఎస్సై స్థాయి అధికారి ఉండాలి. పక్కన తల్లిదండ్రులో, పిల్లలకి నమ్మకమున్న మనిషో ఉండాలి. భాష అడ్డమైతే అనువాదకుల సాయం తీసుకోవచ్చని కూడా అదే చట్టం చెప్తోంది. పిల్లల పేరు, ఇల్లు, బడి తెలిసేలా మీడియాలో రావడం నిషేధం. తెలుగు మాత్రమే మాట్లాడగలిగే అమ్మలు ఇది గుర్తుపెట్టుకోవాలని మరీ మరీ కోరుతున్నాను.

ఇక అటువైపు వాడి సంగతి. పిల్లల లైంగిక చిత్రాలని ఇంటర్నెట్‌లో పెట్టడం, పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం, మొదటిసారికే అయిదేళ్ల దాకా జైలు ఉంది. చూడటం, దాచుకోవడం పెద్ద విషయం కాదనే వాదన కూడా 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పోయింది. అంతకుముందు మద్రాసు హైకోర్టు ఒక కేసులో దీనికి భిన్నంగా చెప్పింది. దాన్ని కొట్టేస్తూ, ఇలాంటివాటిని అశ్లీల చిత్రాలు అనడం మానేసి పిల్లల మీద జరిగిన దోపిడీగా, హింసగా పేర్కొనాలని కోర్టు చెప్పింది. ఆ పేరు మార్పు నాకు చాలా విలువైనదనిపించింది. తప్పు చేసిన సిగ్గు ఎవరిదో ఆ మాటతోనే తేలిపోతుంది.

ఫోటో ఇంకా బయటికి పోకుండా ఆపే మార్గం ఒకటుంది, చాలామందికి తెలియదు. టేక్ ఇట్ డౌన్ అని, తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ సంస్థ 2023లో మొదలుపెట్టిన ఉచిత సేవ. ఫోటో మన ఫోన్‌లోనే ఉంటుంది, ఎక్కడికీ వెళ్లదు. దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రం తయారై సంస్థకి వెళ్తుంది. ఆ కోడ్‌కి సరిపోయే ఫోటో ఎవరైనా పెడితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటి చేరిన సంస్థలు గుర్తుపట్టి తీసేయగలవు. వాట్సాప్ లాంటి చోట మెసేజ్ లోపల ఏముందో కంపెనీకే కనబడదు కాబట్టి అక్కడ ఇది పనిచేయదు. అయినా పిల్లవాడికి "అది ఆపడానికి మనం ఏదో చేశాం" అన్న ధైర్యం ఆ రాత్రి చాలా అవసరం.

పుట్టిన సంవత్సరం

ఇప్పుడు సెట్టింగుల సంగతి. ఈ మొత్తంలో ఇంట్లో ఈ రోజే చూడాల్సింది ఒకటుంది: అకౌంట్‌లో పిల్లలు ఇచ్చిన పుట్టిన సంవత్సరం.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ రెండింటికీ కనీస వయసు 13. పదకొండేళ్లకే అకౌంట్ కావాలంటే పిల్లలు 2003 అనో 2004 అనో వేసేస్తారు, చాలా ఇళ్లలో అది వేసిచ్చింది మనమే. ఆ చిన్న అబద్ధంతో ఏం జరుగుతుందంటే, యాప్ దృష్టిలో వాళ్లు ఇరవై దాటిన పెద్దవాళ్లు. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లు తెచ్చింది. అందులో ఖాతా ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి పొద్దున 7 వరకు నోటిఫికేషన్లు ఆగిపోతాయి, 16 లోపు పిల్లలు వీటిని సడలించాలంటే పెద్దవాళ్ల అనుమతి కావాలి. తప్పు వయసు ఇచ్చిన అకౌంట్‌కి ఇవేవీ అంటవు. బీజీఎంఐలో 18 లోపు వాళ్లకి పెట్టిన రోజుకు మూడు గంటల పరిమితి కూడా అంతే. కాబట్టి 13 నిండని పిల్లల అకౌంట్ తీసేయండి. నిండినవాళ్లకి అసలు పుట్టినరోజు పెట్టించండి.

కొత్త చట్టం ఈ లోటుని కొంత పూడ్చవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని కంపెనీలు నిర్ధారించుకోవాలి, పిల్లల కదలికల్ని వెంటాడి ప్రకటనలు చూపకూడదు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల ముఖ్య బాధ్యతలకి 18 నెలల గడువుంది. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లే ఆపేసింది. చట్టాలు రావాలి, గట్టిగా అమలు కావాలి. ఈలోపు ఆ 2003ని మార్చాల్సింది మనమే.

చిన్నపిల్లల ఫోన్‌కి గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి, ఏ యాప్ దిగాలన్నా మీ అనుమతి అడుగుతుంది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఆ పనే చేస్తుంది. స్నాప్‌చాట్ ఉంటే మ్యాప్‌లో పిల్లలు ఎక్కడున్నారో ఫ్రెండ్స్‌కి కనబడకుండా ఘోస్ట్ మోడ్ పెట్టించండి. పాస్‌కోడ్ మార్చేసి రహస్యంగా చాట్‌లు చదివే గూఢచారి యాప్‌లు మాత్రం నాకు ఇష్టం లేదు. అది బయటపడ్డ రోజున పిల్లలు ఇంకో ఫోన్ వెతుక్కుంటారు, మనతో మాట్లాడటం కూడా మానేస్తారు.

ఇంకో ఫోన్ అంటే గుర్తొచ్చింది. బెంగళూరులో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో బడి బస్సు మూడున్నరకి దింపుతుంది, అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటి అమ్మో నాన్నో వచ్చేసరికి ఏడు. నానమ్మలు, అమ్మమ్మలు ఊళ్లో ఉంటారు. ఆ మూడున్నర గంటలు పిల్లలూ ఫోనూ మాత్రమే. ఇక్కడ కష్టపడి అన్నీ కట్టుదిట్టం చేసినా, వేసవి సెలవులకి అనంతపురమో నెల్లూరో వెళ్తే పెద్దనాన్న కొడుకు ఫోన్‌లో ఏ తాళమూ ఉండదు. అందుకే తాళాల మీదే ఆధారపడొద్దు అంటున్నాను.

డబ్బు పోవడం, ఫోటోల మార్ఫింగ్ (ఫోటోని మార్చి లేనిది ఉన్నట్టు చూపడం), చూసేకొద్దీ ఆగని రీల్స్ ఇవన్నీ కూడా ప్రమాదాలే. యూపీఐ పిన్ పిల్లలకి చెప్పొద్దు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించినా స్కిన్లు, డైమండ్ల కొనుగోళ్లు మామూలుగానే నడుస్తున్నాయి. మార్ఫింగ్ గురించి మాత్రం ఒక మాట. ఇప్పుడు బట్టలున్న మామూలు ఫోటోతోనే ఏఐ యాప్‌లు నగ్న చిత్రం తయారుచేస్తున్నాయి. అంటే పిల్లలు ఏ తప్పూ చేయకపోయినా బెదిరింపు రావచ్చు. యూనిఫాంలో, బడి పేరు కనబడేలా వార్షికోత్సవం ఫోటోలు అందరికీ కనబడేలా పెట్టేది ఎక్కువగా మనమే. కొంచెం తగ్గిద్దాం.

పిల్లలు ఫోన్ రాగానే గదిలోకి వెళ్లిపోవడం, నిద్ర తగ్గడం, ఇష్టమైన ఆట కూడా వదిలేయడం, కారణం లేకుండా డబ్బు అడగడం కనబడితే దగ్గరికి తీసుకోండి. ఫోన్ అలవాటే చేతులు దాటిందనిపిస్తే మన ఊళ్లోనే, హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి అలవాట్లకే షట్ క్లినిక్ అని ఒకటి నడుస్తోంది. రాత్రిపూట పిల్లలు చచ్చిపోతానంటే ఆలస్యం వద్దు, మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు. ఆ క్షణం పిల్లల్ని ఒంటరిగా వదలకండి.

చెప్పడానికి మాటలు

మున్నేకొల్లాలలో పీజీ పిల్లలకి మెస్ నడిపే ఒక అమ్మ, కదిరి వైపు ఆమె, నాతో అంది: "నాకు ఫోన్ సంగతులు ఏమీ తెలీవక్కా, పాపే అన్నీ చూస్తుంది." తెలియకపోవడం అడ్డంకి కాదని నా నమ్మకం. రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక పాప పక్కన కూర్చుని "ఇదేం ఆట, నాకూ చూపించు, వీళ్లంతా ఎవరు?" అని అడుగుతుంది. ఆ పాప విసుక్కుంటూనే అందరి పేర్లూ చెప్తుంది. వాళ్లలో కొత్త పేరు వస్తే అమ్మకి తెలుస్తుంది. పెద్ద ఉద్యోగాల్లో, ప్రతి సెట్టింగూ తెలిసినవాళ్ల ఇళ్లలో ఈ ఒక్క పది నిమిషాలు దొరకడం లేదు.

మాటలు లేకపోవడం కూడా ఒక కారణం. ఒంటి గురించి, ఇలాంటి ఫోటోల గురించి మన ఇళ్లలో తెలుగులో ఎప్పుడూ మాట్లాడం. పిల్లలకి తెలిసిన మాటలన్నీ ఇంగ్లీషువి, అవి అమ్మ ముందు అనడానికి సిగ్గు. అందుకని ఏమీ జరగకముందే, కారులో వెళ్తున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో, ఒకసారి మామూలుగా అనేయండి: "ఎవరైనా నీ ఒంటి ఫోటో అడిగితే, నువ్వు పంపేసినా సరే, ఎవరైనా బెదిరించినా సరే, నాకు చెప్పు. నేను తిట్టను. నీ ఫోన్ తీసుకోను." ఆ రెండు హామీలూ ఇవ్వగలిగితేనే ఇవ్వండి. ఒకసారి తప్పితే మళ్లీ నమ్మరు.

ఆ ఆదివారం నేను ఆ అబ్బాయితో కలిసి వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. వాళ్ల నాన్నకి నేనే చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. కోపం వస్తుందని నేనూ భయపడ్డాను. చివరికి కొడుకు వైపు తిరిగి, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అన్నాడు. వాడు అప్పుడు ఏడ్చాడు. ఆ తర్వాత ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని స్క్రీన్‌షాట్లు తీశాం, ఫిర్యాదు పెట్టేసరికి సాయంత్రం అయింది.

మర్నాడు రాత్రి ఆ మెసేజ్ నిజంగానే నాన్నకి వచ్చింది, కొత్త ఐడీ నుంచి. "మీ అబ్బాయి ఏం చేశాడో చూస్తారా" అని. ఆయన దానికి కూడా స్క్రీన్‌షాట్ తీసి, ఫిర్యాదు నంబరు చెప్పి పోలీసులకి ఇచ్చి, బ్లాక్ చేశాడు. ఆ తర్వాత ఇంకో మెసేజ్ రాలేదు.